రీలు డబ్బా నుంచి చొక్కా జేబు దాకా

రెండేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున కృష్ణానగర్‌లో టీ కొట్టు దగ్గర మా ఊరి స్నేహితుడొకడు తన ఫోను నా చేతిలో పెట్టి, "నువ్వు చేసేది ఈ పనే కదా, ఇందులో తప్పేముందో చూడరా" అన్నాడు. వాడు ఎడిటింగ్ అసిస్టెంటు. ఫిల్మ్ నగర్‌లో ఒక ఇంటి పై అంతస్తులో నడిచే చిన్న ఎడిట్ సూట్‌లో పని. అంతకు పది రోజుల ముందు, వాళ్లు కట్ చేస్తున్న సినిమాలోంచి నలభై సెకన్ల పాట ముక్క బయటికి వచ్చేసింది. ఎవరు చేశారో తేలలేదు. తేలకపోయినా ఎవరో ఒకరు పోవాలి కాబట్టి వీణ్ణి రేపటినుంచి రావద్దన్నారు.

ఫోను చూశాను. పని గ్రూపులో వచ్చిన ప్రతి వీడియో దానంతటదే గ్యాలరీలోకి దిగుతోంది. గ్యాలరీలోకి దిగిన ప్రతిదీ దానంతటదే ఆన్‌లైన్ ఖాతాలోకి ఎక్కుతోంది. ఆ ఖాతా వీడిది కూడా కాదు. ఫోను కొన్నరోజు కొట్లో కుర్రాడు పాస్‌వర్డ్ అడిగితే వీడికి గుర్తు రాక, పక్కనున్న బావమరిది తన ఖాతా ఇచ్చాడు. వచ్చిన ప్రతి ప్రశ్నకీ ఆ కుర్రాడు 'సరే' అని నొక్కుకుంటూ పోయాడు. అదే ఖాతా బావమరిది ఇంట్లో టీవీలో ఉంది, తొమ్మిదో తరగతి చదివే వాళ్లబ్బాయి ట్యాబ్‌లోనూ ఉంది. అంటే విడుదల కాని సినిమా ముక్కలు ఏడాదిపాటు చింతల్‌లో ఒక పిల్లాడి ట్యాబ్‌లో కనిపిస్తూ ఉన్నాయి.

పాట ఆ దారినే పోయిందని నేను చెప్పలేను. ఆ దారి తెరిచే ఉందని మాత్రం చెప్పగలను. ఆ సంగతి నా స్నేహితుడికి తెలీదు. వాణ్ణి పంపేసిన వాళ్లకీ తెలీదు.

ఆ తర్వాతే నాకు ఈ విషయం మీద ఆసక్తి పుట్టింది. సినిమాని విడుదల దాకా ఎవరి కంటా పడకుండా దాచడం అనే పనిని మనవాళ్లు ఎప్పటినుంచి, ఎలా చేస్తూ వచ్చారు? ఎక్కడ తాళం వేశారు, ఎక్కడ మర్చిపోయారు? నాకు సినిమా పరిశ్రమలో ఉద్యోగం లేదు. చూడటం, చదవడం, అప్పుడప్పుడు రాయడం తప్ప. కానీ కంపెనీ ఫోన్లలో ఏది తెరిచి ఉంచాలి, ఏది మూసెయ్యాలి అని చూడటం నా పని కాబట్టి, ఆ కోణంలోంచి ఈ చరిత్ర చెప్పడానికి ప్రయత్నిస్తాను.

బరువే కాపలా

ఫిల్ము రోజుల్లో సినిమాకి పెద్ద రక్షణ దాని బరువే. ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి తొంభై అడుగులు పరుగెడుతుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు. వెయ్యడుగుల రీళ్లయితే పదమూడు, పద్నాలుగు డబ్బాలు. దాన్ని చొక్కాలో పెట్టుకుని పోలేరు. దొంగిలించినా ఇంట్లో చూసుకోలేరు, ప్రొజెక్టరు కావాలి. కాపీ చెయ్యాలంటే ల్యాబే కావాలి.

అందుకే ఆ రోజుల్లో కాపలా అంతా మనుషుల చుట్టూ తిరిగేది. నెగిటివ్ ల్యాబులో ఉంటుంది, దానికి ల్యాబు జవాబుదారీ. ఎడిటర్ దగ్గర రష్ ప్రింటు ఉంటుంది, దానికి ఎడిటరు, ఆయన అసిస్టెంటు జవాబుదారీ. విడుదలయ్యాక బాక్సుతోపాటు డిస్ట్రిబ్యూటర్ తరఫు రిప్రజెంటేటివ్ థియేటర్‌కి వచ్చేవాడు. టికెట్లు లెక్క చూడటం, ఆట అయ్యాక బాక్సు తిరిగి గాంధీనగర్ ఆఫీసుకి చేర్చడం ఆయన పని. ఒకే ప్రింటు రెండు థియేటర్లలో ఆడే ఊళ్లలో, ఇక్కడ ఆడిన రీళ్లని సైకిల్ మీద అక్కడికి మోసే కుర్రాడి మీదే సెకండ్ షో ఆధారపడి ఉండేది. నలభై దాటిన పాఠకులకి ఈ షిఫ్టింగ్ సంగతి నేను చెప్పక్కర్లేదు. సైకిల్ పంక్చరయితే ఇంటర్వెల్ అరగంట.

ఇక్కడ నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఆ వ్యవస్థలో ప్రతి డబ్బాకీ ఒక మనిషి ఉన్నాడు. డబ్బా ఎక్కడుందో అడిగితే చెప్పగలిగే మనిషి. మా భాషలో చెప్పాలంటే, కాపీలు ఎన్ని, ఎవరి దగ్గర అన్న జాబితా ఎప్పుడూ చేతిలో ఉండేది.

వీడియో క్యాసెట్లు వచ్చిన 1980ల్లో, కేబుల్ టీవీ వచ్చిన 1990ల్లో దొంగ కాపీలు మొదలయ్యాయి, నిజమే. కానీ అప్పటి దొంగతనం ఎక్కువగా విడుదల తర్వాతే. సినిమా తయారవుతున్న చోటునుంచి సినిమా బయటికి పోవడం అరుదు.

కొండ మీద కొత్త ఊరు

ఈలోగా తయారయ్యే చోటు మారింది. మద్రాసునుంచి తెలుగు సినిమా హైదరాబాద్ రావడం ఒక్క రోజులో జరగలేదు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలుపెట్టినప్పుడు ఆ చుట్టుపక్కల బండరాళ్లు, ముళ్లకంపలే. తర్వాత కృష్ణ పద్మాలయా స్టూడియోస్, రామానాయుడు స్టూడియోస్ వచ్చాయి. జూబ్లీహిల్స్ వాలులో ఫిల్మ్ నగర్ వెలసింది. ఫిల్మ్ ఛాంబర్, క్లబ్బు, దైవసన్నిధానం గుడి, నిర్మాతల ఆఫీసులు అన్నీ నడిచిపోయే దూరంలో చేరాయి. కొండ దిగితే కృష్ణానగర్, ఇందిరానగర్. పొద్దున్నే పని కోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, అసిస్టెంట్లు అద్దెకుండే గల్లీలు.

మద్రాసులో పెద్ద స్టూడియోల గోడల మధ్య జరిగే పని ఇక్కడ ఇళ్లలోకి వచ్చింది. 2000 తర్వాత కంప్యూటర్ మీద ఎడిటింగ్, డీఐ, గ్రాఫిక్స్ మామూలయ్యాక ఇంకా విడిపోయింది. ఎడిటింగ్ ఒక ఫ్లాటులో, డబ్బింగ్ పక్క వీధిలో, సంగీతం సంగీత దర్శకుడి ఇంట్లో, గ్రాఫిక్స్ నాలుగు కంపెనీల్లో. ఒక్క సినిమా ఇరవై చోట్ల ఉంటుంది. ఆ ఇరవై చోట్లకీ ఒకే నెట్‌వర్కు లేదు, ఒకే నియమం లేదు. వాటిని కలిపేవి అసిస్టెంట్ల బైకులు, హార్డ్ డిస్కులు, పెన్ డ్రైవులు. ఇప్పుడయితే వాళ్ల జేబుల్లో ఫోన్లు.

థియేటర్‌కి ఉక్కు తాళం

అదే కాలంలో థియేటర్ వైపు మాత్రం గట్టి తాళం పడింది. 2005 జులైలో హాలీవుడ్ స్టూడియోలు కలిసి డిజిటల్ సినిమా ఎలా ఉండాలో నిర్ణయించిన డీసీఐ ప్రమాణాల మొదటి రూపం వచ్చింది. మన దగ్గర యూఎఫ్ఓ, క్యూబ్ లాంటి సంస్థలు తమ తమ పద్ధతుల్లో డిజిటల్ ప్రొజెక్షన్‌ని చిన్న ఊళ్ల దాకా తీసుకెళ్లాయి. అక్కడితో రిప్రజెంటేటివ్ మోసే బాక్సు పోయింది.

డీసీఐ పద్ధతిలో సినిమా ఫైలు 128 బిట్ల తాళంతో మూసి వస్తుంది. దాన్ని తెరిచే తాళంచెవి వేరే వస్తుంది. దాని పేరు కేడీఎం. ఆ తాళంచెవి ఒక్క థియేటర్‌లోని ఒక్క సర్వర్‌కే పనిచేస్తుంది. అదీ ఫలానా రోజు ఫలానా గంటనుంచి ఫలానా గంట దాకానే. పక్క స్క్రీన్ సర్వర్‌లో పెడితే పనిచెయ్యదు. తెర మీద పడే బొమ్మలో కంటికి కనిపించని గుర్తు ఉంటుంది. ఎవరైనా కెమెరాతో తీస్తే ఏ హాల్లో, ఏ ఆటలో తీశారో దాన్నిబట్టి పట్టుకోవచ్చు. అమెరికాలో తెలుగు సినిమా ప్రీమియర్‌కి వెళ్లి 'కేడీఎం ఇంకా రాలేదు' అని రాత్రి పదకొండింటికి పార్కింగ్ లాట్‌లో నిలబడ్డవాళ్లకి ఈ తాళం ఎంత గట్టిదో స్వానుభవం.

దీన్ని తయారు చేసినవాళ్ల ఆలోచన గమనించండి. థియేటర్ యజమాని మంచివాడా, ఆపరేటర్ నమ్మకస్తుడా అన్న ప్రశ్నే లేదు. మనిషి ఎవరైనా సరే, యంత్రం పొద్దున్నే మూసి ఉంటుంది. కావలసినవాళ్లకి, కావలసినంతసేపు, ఎవరో పూనుకుని తెరవాలి.

ఇదే సినిమా అంతకు వారం ముందు ఫిల్మ్ నగర్ ఫ్లాటులో ఉన్నప్పుడు సంగతి తలకిందులు. అక్కడ అన్నీ తెరిచి ఉంటాయి. ఎవరో పూనుకుని మూయాలి. ఎవరూ పూనుకోరు. ఎందుకంటే రేపు పొద్దున్నే ట్రైలర్ కట్ హీరోగారికి చూపించాలి.

లీకుల దశాబ్దం

2013 సెప్టెంబర్‌లో ఆ తేడా ఊరంతటికీ తెలిసొచ్చింది. త్రివిక్రమ్ దర్శకత్వంలో పవన్ కల్యాణ్ నటించిన 'అత్తారింటికి దారేది' అప్పటికే సమైక్యాంధ్ర ఉద్యమం వల్ల వాయిదా పడి, అక్టోబర్ 9కి విడుదల అనుకుంటోంది. సెప్టెంబర్ మూడో వారంలో సుమారు తొంభై నిమిషాల సినిమా ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలు అమ్మారు. నిర్మాణ విభాగంలో పనిచేసే ఒక అసిస్టెంటు కాపీ చేసుకుని స్నేహితుడికి ఇవ్వడంతో ఇది మొదలైందని పోలీసులు అప్పట్లో చెప్పారు. మధ్యలో చేతులు మారినవాళ్లలో ఒక కానిస్టేబుల్ కూడా ఉన్నాడు. నిర్మాత బి.వి.ఎస్.ఎన్. ప్రసాద్ హడావుడిగా సెప్టెంబర్ 27నే విడుదల చేశారు. సినిమా పెద్ద హిట్టయింది. అందుకే ఆ లీకు నేర్పాల్సిన పాఠం నేర్పకుండానే పోయిందని నాకనిపిస్తుంది. జనం అభిమానం గెలిపించింది అనే కథ మిగిలింది. విడుదల కాని సినిమా అసిస్టెంటు చేతిలో కాపీ చేసుకోవడానికి వీలుగా ఎందుకుంది అనే ప్రశ్న మరుగున పడింది.

2016 నవంబర్‌లో 'బాహుబలి 2' యుద్ధ దృశ్యం కొన్ని నిమిషాలు బయటికి వచ్చింది. విజయవాడలో ఒక గ్రాఫిక్స్ కుర్రాణ్ణి అరెస్టు చేశారు. 2018 ఆగస్టులో 'గీత గోవిందం' దృశ్యాలు విడుదలకు ముందే తిరిగాయి. గుంటూరులో కొందరు విద్యార్థులు దొరికారు. అదే ఏడాది నవంబర్‌లో విడుదలైన 'టాక్సీవాలా' గ్రాఫిక్స్ పూర్తికాకముందే, పచ్చి కాపీగా లీకైంది. 2022 ఫిబ్రవరిలో 'సర్కారు వారి పాట'లోని 'కళావతి' పాట ప్రేమికుల దినానికి రావాల్సింది, ముందే లీకవడంతో ఒక రోజు ముందుకి జరిగింది. సంగీత దర్శకుడు తమన్ గొంతు పూడుకుపోతూ విడుదల చేసిన ఆడియో సందేశం చాలామంది వినే ఉంటారు. 2023లో 'గేమ్ ఛేంజర్' పాట, 2025 మార్చిలో ఒడిశాలోని కోరాపుట్‌లో రాజమౌళి, మహేశ్ బాబు సినిమా షూటింగ్ దృశ్యం. ఈ జాబితాకి అంతు లేదు.

వరసగా పెట్టి చూస్తే ఒక మార్పు కనిపిస్తుంది. 2013లో సినిమా డిస్కు రూపంలో చేతినుంచి చేతికి పోయింది. పదేళ్లు తిరిగేసరికి అది ఫోనునుంచి ఫోనుకి పోతోంది. సెకనుకి ఒక మెగాబిట్ చొప్పున నాసిరకం కాపీ చేస్తే రెండున్నర గంటల సినిమా ఒక గిగాబైటుకి కొంచెం పైన. పదమూడు డబ్బాల బరువు పూర్తిగా పోయింది. బరువే కాపలా అయినప్పుడు, బరువు పోతే కాపలా కూడా పోయినట్టే కదా.

ఫోను తనంతట తాను చేసే పనులు

లీకు అనగానే మనకి దొంగ గుర్తొస్తాడు. కావాలని కాపీ చేసి అమ్మేవాడు. అలాంటివాళ్లు ఉన్నారు, ఉంటారు. థియేటర్లలో చొక్కా జేబులోంచి ఫోను కెమెరా కన్ను బయటికి పెట్టి, తెర నల్లగా ఉంచి పదుల సినిమాలు తీసినవాణ్ణి హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు 2025లో పట్టుకున్నారు. అదే ఏడాది నవంబర్‌లో ఐబొమ్మ నడుపుతున్నాడని చెబుతూ ఒకణ్ణి అరెస్టు చేశారు. ఫోను ఎంత బాగా అమర్చినా అలాంటి పనులు ఆగవు. వాటికి చట్టం ఉంది. 2023లో సినిమాటోగ్రఫీ చట్టాన్ని సవరించి, దొంగ రికార్డింగుకి మూడు నెలలనుంచి మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షలనుంచి సినిమా నిర్మాణ వ్యయంలో అయిదు శాతం దాకా జరిమానా పెట్టారు.

నేను చెప్పేది ఎవరూ దొంగతనం చెయ్యకుండానే వస్తువు గడప దాటడం గురించి.

మన ఫోను మనం అడగకుండానే చాలా చేస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో, వీడియో గ్యాలరీలో కనిపించడం మొదటినుంచీ ఆన్‌లో ఉండే అమరిక. మనం పూనుకుని ఆపితేనే ఆగుతుంది. 2016 ఏప్రిల్‌లో వాట్సాప్ సందేశాలన్నిటికీ ఈ చివరనుంచి ఆ చివరికి తాళం వేసింది. 'మధ్యలో ఎవరూ చూడలేరు' అని అందరం నమ్మాం. కానీ ఆ సందేశాల బ్యాకప్‌కి అలాంటి తాళం 2021 అక్టోబర్ దాకా రాలేదు. వచ్చాక కూడా దాన్ని మనమే వెతికి ఆన్ చేసుకోవాలి. 2015 జనవరిలో వచ్చిన వాట్సాప్ వెబ్‌ని ఆఫీసు కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి మర్చిపోతే, ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు మన గ్రూపులన్నీ చూడొచ్చు. నాకు తెలిసినంతలో ఎడిట్ సూట్లలో కంప్యూటర్ ఒకటే, కూర్చునేవాళ్లు షిఫ్టుకొకరు.

ఇక 'పెళ్లి శుభలేఖ' అంటూ, 'కేవైసీ అప్‌డేట్' అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు. తెలియని చోటునుంచి వచ్చే యాప్‌ని ఫోను మామూలుగా అడ్డుకుంటుంది. ఎప్పుడో ఒక ఆట కోసమో, దొంగ సినిమా యాప్ కోసమో ఆ అడ్డు తీసేసి ఉంటాం. తలుపు అలాగే ఉండిపోతుంది. ఆ తర్వాత లోపలికి వచ్చిన యాప్ మన మెసేజీలన్నీ చదువుతుంది.

ఫోన్లే కాదు. 2018 ఫిబ్రవరిలో ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల్లో ఒక పురుగు తిరిగింది. ఫ్యాక్టరీలో పరీక్షల కోసం తెరిచే ఒక ద్వారాన్ని, 5555 అనే పోర్టుని, మూయకుండా అమ్మేసిన పెట్టెల్లోకి అది నేరుగా దూరింది. పాస్‌వర్డ్ పగలగొట్టలేదు. అసలు పాస్‌వర్డే అడగని తలుపు అది.

పెద్దవాళ్ల దగ్గర ఇలాంటివి జరగవా అంటే జరిగాయి. 2014 ఆగస్టు చివర్లో హాలీవుడ్ నటీమణుల వ్యక్తిగత ఫోటోలు బయటపడ్డాయి. నకిలీ మెయిళ్లతో పాస్‌వర్డులు లాగిన దొంగలకి శిక్షలు పడ్డాయి. కానీ దొంగలకి అంత దొరకడానికి కారణం ఫోన్లు ఎప్పటికప్పుడు అన్నిటినీ ఐక్లౌడ్‌లోకి ఎక్కిస్తూ ఉండటం. ఆ తర్వాతే ఆపిల్ రెండో అంచె పరీక్షని ఆ బ్యాకప్‌లకి కూడా విస్తరించింది.

మన ఫిల్మ్ నగర్‌కి ఇంకా దగ్గర పోలిక లార్సన్ స్టూడియోస్. హాలీవుడ్‌లో ఒక కుటుంబం నడుపుకునే చిన్న సౌండ్ సంస్థ. 2016 చివర్లో వాళ్ల సర్వర్లలోకి దొంగలు చొరబడ్డారు. పాత విండోస్ 7 నడుస్తున్న ఒక కంప్యూటర్ వాళ్లకి దారిచ్చింది. వాళ్లు నెట్‌ఫ్లిక్స్ మీదికి గురిపెట్టి పోలేదు. ఇంటర్నెట్‌లో ఏ తలుపు తెరిచి ఉందా అని ఊరికే తట్టుకుంటూ పోతుంటే ఇది తగిలింది. లోపల చూస్తే 'ఆరెంజ్ ఈజ్ ద న్యూ బ్లాక్' కొత్త సీజన్. సుమారు యాభై వేల డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టినా 2017 ఏప్రిల్‌లో పది ఎపిసోడ్లు బయటపెట్టేశారు. వందల కోట్ల సంస్థ గుట్టు ఓ మూల గదిలో ఎవరూ పట్టించుకోని కంప్యూటర్ మీద ఆధారపడి ఉంది. దీని తర్వాత హాలీవుడ్ సంఘాలు చిన్న చిన్న పోస్ట్ ప్రొడక్షన్ కంపెనీల భద్రతని తనిఖీ చేసే ఏర్పాటు 2018లో తెచ్చాయి.

ఎవరి ఫోను, ఎవరి తప్పు

మన దగ్గర లీకు భయానికి వచ్చిన జవాబు గేటు దగ్గర ఫోన్లు తీసుకోవడం. పెద్ద సినిమాల సెట్ల మీద ఇది మామూలయిపోయింది. తీసుకునేది ఎవరివి? లైట్‌మెన్‌వి, జూనియర్ ఆర్టిస్టులవి, అసిస్టెంట్లవి. పైవాళ్లవి తీసుకోరు. కానీ రష్ కట్‌లు, ట్యూన్లు, ఖరారు చెయ్యమని పంపే ఫోటోలు వెళ్లేదే ఆ పైవాళ్ల ఫోన్లకి, వాళ్ల మేనేజర్లకి, ఆ మేనేజర్ల మేనేజర్లకి. గేటు దగ్గర ఆపిన ఫోనులో ఉన్నది మహా అయితే సెట్టు ఫోటో. గేటు దాటి వెళ్లిన ఫోనులో సినిమా ఉంటుంది.

ఇంకొకటి. అసిస్టెంటు పని కోసం వాడేది తన సొంత ఫోను. మా రంగంలో సొంత ఫోనులో ఆఫీసు పని చేయిస్తే, ఆఫీసు భాగాన్ని వేరే గదిలా విడదీసి తాళం వేస్తారు, ఉద్యోగం మానేసిన రోజు ఆ గది ఒక్కటే ఖాళీ చేస్తారు. ఆండ్రాయిడ్‌లో ఆ సదుపాయం పదేళ్లకు పైగా ఉంది. ఫిల్మ్ నగర్‌లో నేను అడిగినవాళ్లెవరూ దాని పేరు వినలేదు. 2025 ఆగస్టులో ముప్ఫై శాతం వేతనాలు పెంచమని ఫెడరేషన్ కార్మికులు రెండు వారాలకు పైగా పని ఆపారు. అంత పోరాడితే గాని జీతం పెరగని చోట, పని కోసం విడిగా ఫోను కొనిచ్చేదెవరు?

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. నా మొదటి ఉద్యోగంలో ఊళ్లు తిరిగే సేల్స్ మనుషుల ఫోన్లకి అమరికలు పంపే పని నాది. మూడు వందల ఫోన్లు. ఒకసారి పరీక్ష కోసం, స్క్రీన్ లాక్ లేకపోయినా ఆఫీసు మెయిల్ తెరుచుకునేలా ఒక సడలింపు పెట్టాను. పరీక్ష అయ్యాక తీసెయ్యడం మర్చిపోయాను. రెండు నెలలకి ఒకాయన ఫోను బస్సులో పోయింది. దొరికినవాడు మెయిల్ తెరిచాడు, అందులో కస్టమర్ల జాబితా ఉంది. ఫోను పోగొట్టుకున్నందుకు, లాక్ పెట్టుకోనందుకు ఆయనకి మెమో ఇచ్చారు. ఆయన నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. లాక్ తప్పనిసరి చేసే టిక్కు నా స్క్రీన్ మీద ఉంది. నేను దాన్ని ఆ రాత్రే సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ నన్ను అడగలేదు కూడా.

కృష్ణానగర్ టీ కొట్టు దగ్గర స్నేహితుడి ఫోను చూస్తున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆయనే. అరెస్టయినవాళ్ల పేర్లు పేపర్లో వస్తాయి. తలుపులన్నీ తెరిచి పెట్టిన నిర్ణయానికి మాత్రం పేరుండదు. అది ఎవరూ తీసుకోని నిర్ణయం. ఎవరూ తీసుకోకపోవడమే దాని లక్షణం.

రిప్రజెంటేటివ్ కాలంలో డబ్బా పోతే అడగడానికి మనిషి ఉన్నాడు, అతనికి ఆ పని అప్పగించిన సంగతి అందరికీ తెలుసు. ఇప్పుడు ఎవరికీ ఏమీ అప్పగించకుండానే, అందరి జేబుల్లోనూ తలా ఒక డబ్బా పెట్టాం. పోయాక చేతికందినవాణ్ణి పట్టుకుంటున్నాం. అలాగని పాత వ్యవస్థ మంచిదనీ అనను. అది కూడా కిందివాడి భుజాల మీదే నడిచింది. కానీ ఏది ఎవరి దగ్గరుందో దానికి తెలుసు.

చెయ్యాల్సింది పెద్ద ఖర్చు కూడా కాదు. ఖరారు కోసం పంపే ప్రతి కాపీ మీద అందుకునేవాళ్ల పేరు పడేలా చెయ్యడం. వీడియోని గ్రూపులో పడెయ్యకుండా, గడువు ముగిశాక పనిచెయ్యని లింకుగా పంపడం. ఎడిట్ సూట్‌లో చూడటానికి మాత్రమే ఒక ఫోనో ట్యాబో పెట్టి, అందులో బ్యాకప్ ఆపెయ్యడం. సినిమా అయిపోయిన రోజు ఎవరెవరికి దారులిచ్చామో చూసి మూసెయ్యడం. కొత్త అసిస్టెంటు చేరిన రోజు ఎవరో ఒకరు అరగంట వాడి ఫోను పట్టుకుని కూర్చోవడం. ఇరవై నాలుగు క్రాఫ్ట్స్‌కీ సంఘాలున్నాయి, ఫిల్మ్ ఛాంబర్‌కి పైరసీని వెంటాడే విభాగం ఉంది. పారిపోయినవాణ్ణి పట్టుకునే శ్రద్ధలో కొంత ఈ అరగంటకి పెట్టమని అడగొచ్చు.

నా స్నేహితుడికి నాలుగు నెలల తర్వాత ఇంకో చోట పని దొరికింది. ఈసారి వాడే పట్టుబట్టి పాత ల్యాప్‌టాప్ ఒకటి పక్కన పెట్టించాడు. కట్‌లు చూడాలంటే అందులోనే చూడాలి. మొన్న సంక్రాంతికి ఊళ్లో కలిసినప్పుడు ఎలా నడుస్తోందిరా అని అడిగాను.

"బాగానే ఉంది. మొన్న రాత్రి పన్నెండింటికి డైరెక్టర్ గారు ఫోన్ చేసి, ఆ సీను వాట్సాప్‌లో పెట్టరా అన్నారు."

"ఏం చేశావు?"

"పెట్టాను. ఆయన అడిగితే పెట్టనా?"